ఆధునికత కాలమా, దృష్టియా? : జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల – ఒక పరిశీలన

న్యూఢిల్లీలోని జైపూర్ హౌస్‌లో 1954 మార్చి 29న నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల పేరులోనే ఒక విమర్శ సమస్య ఉంది. ‘ఆధునిక’ అన్న విశేషణం కాలాన్ని సూచిస్తుందా, కళాదృష్టిని సూచిస్తుందా? ఈ సంస్థ పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగాన్ని తన సేకరణకు ఆరంభరేఖగా స్వీకరించింది. ఏ సేకరణకైనా ఇటువంటి ఎల్ల అవసరమే. అయితే అది నిర్వహణకు ఉపకరించే ఎల్లే గాని ఆధునికతకు నిర్వచనం కాదు. అందులోని చిత్రాలే ఇందుకు సాక్ష్యం.

రాజా రవివర్మ (1848–1906) తైలవర్ణాలను, ఐరోపా వాస్తవిక చిత్రణ పద్ధతిని స్వీకరించి పురాణగాథలను చిత్రించారు. ఆయన సాధనం కొత్తది, ఇతివృత్తం పాతది. ఆ పాశ్చాత్య పద్ధతిని నిరాకరించిన అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు మొగలు సూక్ష్మచిత్రాల వైపు, అజంతా వైపు మళ్లారు. లేడీ హెరింగ్‌హామ్ అజంతా కుడ్యచిత్రాలకు ప్రతులు తయారు చేయించినప్పుడు ఆ బృందంలో నందలాల్ బోస్ పనిచేశారు. కాలం ముందుకు సాగుతుండగా కళ వెనుకకు చూసింది. అయినా ఆ చూపును ఆధునికం కాదనలేము.

పారిస్‌లో శిక్షణ పొంది 1934లో భారతదేశానికి తిరిగివచ్చిన అమృతా షేర్‌గిల్ (1913–1941) బెంగాలు శైలిని తీవ్రంగా విమర్శించారు. విశేషమేమంటే ఆమెను మలుపు తిప్పినదీ అజంతాయే. దక్షిణ భారత పర్యటన అనంతరం 1937లో చిత్రించిన, ఈ ప్రదర్శనశాలలో ఉన్న ‘బ్రహ్మచారులు’ చిత్రంలో కథ లేదు, సంఘటన లేదు. తెల్లని ధోవతులతో కూర్చున్న యువకుల దేహాల బరువు, వర్ణాల పొందిక, నిశ్చలత మాత్రమే ఉన్నాయి. బెంగాలు చిత్రకారులు అజంతాలో ప్రధానంగా రేఖను, లాలిత్యాన్ని గ్రహించగా షేర్‌గిల్ ఆకృతిని, వర్ణఘనతను గ్రహించారు. గతం ఒక్కటే, దాన్ని చేరిన దారులు రెండు.

తెలుగు సాహిత్య చరిత్రకూ ఈ పరిశీలన వర్తిస్తుంది. గురజాడ 1910లో ప్రవేశపెట్టిన ముత్యాలసరం దేశి మాత్రాలయ నుంచి రూపుదిద్దుకున్నది. దాని నవ్యత పాతను విసర్జించడంలో లేదు, పాతలో దేనిని ఎన్నుకోవాలో నిర్ణయించడంలో ఉంది. తేదీల ఆధారంగా యుగవిభజన చేసే చరిత్రకారుడు ఈ ఎన్నికను గుర్తించలేడు.

కాలక్రమ ప్రదర్శన సందర్శకునికి సౌలభ్యం కలిగిస్తుందనడం నిజమే. కాని అది చిత్రకారుల మధ్య సాగిన వాదాన్ని వారసత్వంగా భ్రమింపజేస్తుంది. నందలాల్, షేర్‌గిల్ చిత్రాలను ఒకరి తరువాత ఒకరివిగా కాక, ఒకే ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన సమాధానాలుగా ఎదురెదురు గోడలపై నిలిపినప్పుడే ఆ సంస్థ పేరులోని ‘ఆధునిక’ శబ్దం సార్థకమవుతుంది.