కాటిసీను ఎవరిది?

తెలుగు నాటక చరిత్ర రాసేవాళ్ళు చాలామంది రాజమండ్రి దగ్గర ఆగి ఒక కథ చెబుతారు. 1880లో ధార్వాడ కంపెనీ వాళ్ళు వచ్చి ఆడి వెళ్ళారు, వాళ్ళు వేసుకున్న పాకలోనే వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత తెలుగు నాటకం ఆడించారు అని. అదే ఏడాది పుణేలో కిర్లోస్కర్ ‘శాకుంతలం’ ఆడించాడు. అక్కడ్నుంచి బాలగంధర్వ దాకా మరాఠీ వాళ్ళకి గాయకనటుల వరస ఒకటి ఏర్పడింది. మన డెల్టాల్లోనూ అంతే, పాడగలిగినవాడే నటుడు. ఈ చరిత్రని మేం కాదనడం లేదు. కానీ అదే రాజమండ్రిలో 1915-16ల్లో ఇంకో గొంతు పలికింది. మూకీ సినిమా ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెబుతూ, బొమ్మల తరఫున మాటలు చదువుతూ పొట్ట పోసుకున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు. వినుకొండ నుంచి బతుకుతెరువుకి వచ్చినవాడు, మాదిగ తల్లి కొడుకు. పేరు గుర్రం జాషువ. పాక గురించి పేజీలకి పేజీలు రాసేవాళ్ళకి ఈ కుర్రాడు కనబడడు.

తెర వెనక మాట అరువిచ్చే ఈ పని ఆయన్ని జీవితాంతం వదల్లేదేమో అనిపిస్తుంది మాకు. ఎందుకంటే తెలుగు పద్యనాటకంలో జనం ఎక్కువగా ఒన్స్‌మోర్ కొట్టిన పద్యాల్లో జాషువ శ్మశానవాటిక పద్యాలున్నాయి. అవి పలికింది మాత్రం హరిశ్చంద్రుడి నోట.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఉంది. నటులు అందులోకి జాషువ పద్యాలు తెచ్చి కలుపుకున్నారు. ఆ సీనుకే పేరుపడ్డ గాయకనటుడు బందరు డి.వి. సుబ్బారావు గారు. గోదావరి జిల్లాల తిరునాళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో హరిశ్చంద్ర అంటే తెల్లవారుజాము దాకా జనం కూచునేది కాటిసీను కోసమే. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్కో ఘట్టానికి ఒక్కో హరిశ్చంద్రుడు దిగుతాడు. కాటి హరిశ్చంద్రుడంటే గొంతున్నవాడని అర్థం. భుజాన కర్ర, ఒంటిమీద గోచీ, పక్కన హార్మోనియం. ఒక్క మాట పట్టుకుని రాగం తీస్తే పద్యం పావుగంట నడిచేది. సుబ్బారావు గారి గొంతు గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కింది, తర్వాత క్యాసెట్లలోకి, ఇప్పుడు సెల్‌ఫోన్లలోకి.

దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో తేల్చేసే మిత్రులున్నారు. మేం అలా అనలేం. అక్షరం రాని మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో జాషువ చేరింది పుస్తకంతో కాదు, ఈ గాయకుల గొంతుతో. పద్యనాటకాన్ని పామర వినోదమని ఈసడించిన విమర్శకులు చేయలేని పని అది. అయితే మేం చూసిన కరపత్రాల్లో బలిజేపల్లి వారి పేరుంది, నటుల పేర్లున్నాయి, హార్మోనిస్టు పేరు కూడా ఉంది. జాషువ పేరు లేదు. పద్యం కంఠతా వచ్చినవాళ్ళలో ఎంతమందికి కవి తెలుసు? చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు కడియం మనిషి, పద్యనాటకానికి పాండవులని ఇచ్చిన జంటకవుల్లో ఒకరు. ఆయన స్వయంగా జాషువ కాలికి గండపెండేరం తొడిగాడు. పందిట్లో మైకు ముందు మాత్రం ఆ పేరు పలకదు!

పేరు పోవడం ఒక నష్టం. అంతకంటే పెద్దది, అర్థం మారడం.

జాషువ పద్యంలో మాట్లాడేది బతికుండగా ఊరికి దూరంగా ఉంచబడ్డవాడు. కవీ, రాణీ, పేదా, పెద్దా అందరూ మట్టే అయ్యే చోట అంటరానితనం కాలు పెట్టలేదని అతను అంటే అందులో నింద ఉంది. చచ్చాక తప్ప సమానం కాని ఊరిని వేలెత్తి చూపడం ఉంది. అదే పద్యం రాజ్యం పోయిన రాజు పాడితే? శ్మశాన వైరాగ్యం అవుతుంది. ‘అయ్యో, మారాజుకి ఎంత గతి పట్టింది’ అని జనం కళ్ళు తుడుచుకుంటారు. మనవాళ్ళూ తుడుచుకుంటారు. రాజు ఏడ్చేది ఏ పని చేయాల్సి వచ్చిందని? మన తాతలు రోజూ చేసిన పనే కదా. గాంధీ గారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి సత్యం నేర్చుకున్నానని రాసుకున్నారు. కాటికాపరి కొడుకు అదే నాటకం చూస్తే ఏం నేర్చుకోవాలి?

వీరబాహుడి సంగతి చూడండి. మేం చూసిన ప్రదర్శనల్లో కల్లుముంతతో ఊగుతూ వస్తాడు, జనం నవ్వుతారు. రాగం అంతా రాజుకి, తూలడం అంతా ఇతనికి. మార్కండేయ పురాణంలోనైతే ఆ చండాలుడు చివరికి ధర్మదేవతగా తేలతాడు. అంటే ఈ కథలో రాజు నిజంగా చండాలుడికి అమ్ముడుపోనే లేదు! నిజమైన చండాలుడు అసలు లేడు. ఉన్నది వేషమే. ఆ కాట్లో నిజంగా మన మనిషిది అంటూ ఏదైనా ఉంటే అది జాషువ పద్యమొక్కటే. దాన్నీ కిరీటం తీసి పక్కన పెట్టినవాడే పాడాడు.

కోనసీమ మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ రాసింది ఇందుకే కాబోలు. అందులో పాలేరు దేవుడు కాదు, రాజు కాదు, చదువుకుని పైకొచ్చే పాలేరే.

పద్యం మీద కూడా ఒక మాట అనాలి. వల్లకాట్లో అంటు లేదని జాషువ ఆశపడ్డాడు గానీ, డెల్టా ఊళ్ళలో శ్మశానాలే వేరు. ఊరి వాళ్ళ రుద్రభూమి ఒకచోట, మనవాళ్ళది కాలవ గట్టునో, మురుగు పక్కనో. కృష్ణా డెల్టా వైపు చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. దళితులు ఆ శవాల్ని పల్లె బయటకి మోయలేదు. ఊరి నడిమధ్య పాతారు, రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. జాషువ పద్యానికి ఆ రోజు వాళ్ళు చేసిన వ్యాఖ్యానం ఏ విమర్శకుడూ చేయలేదు.

ఏప్రిల్ 14 సభల్లో మా వైపు కుర్రాళ్ళు ఈ పద్యాలు పాడుతున్నారు. బాణీ సుబ్బారావు గారిదే. గోచీ, కర్ర ఉండవు. ముందు కవి పేరు చెబుతారు, తర్వాత రాగం అందుకుంటారు. మొన్న అలాంటి ఒక సభలో ముసలాయన ఒకాయన మమ్మల్ని అడిగాడు: ‘హరిశ్చంద్రుడి పద్యం ఈడెందుకు పాడతన్నాడండీ?’