పులికాట్‌లో ఎవరికి ఎవరు చుట్టం?

చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన ఆగితే, పులికాట్ నీళ్లలో రాజహంసలు (ఫ్లెమింగోలు) బారులు తీరి కనిపిస్తాయి. 2022లో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరు వాళ్ల మాటల్లో పులికాట్ ఇంకా తమదే. రాజహంసల దగ్గర్లోనే ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకొంగలు. అన్నిటికీ పొడుగు కాళ్లు, పొడుగు మెడలు. ఒకే వంశమని ఎవరైనా అనుకుంటారు. జీవులను వర్గీకరించిన శాస్త్రవేత్త లినేయస్ కూడా అలాగే అనుకున్నాడు. 1758లో వీటన్నిటినీ ఒకే క్రమంలో పెట్టాడు. నీటి మొహం చూడని ఉష్ట్రపక్షినీ అందులోకే తోశాడు!

ఇలా వేరువేరు పూర్వీకుల సంతానాన్ని పైపోలికలు చూసి ఒకచోట చేరిస్తే ఆ గుంపును పాలీఫైలెటిక్ అంటారు. వర్గీకరణ శాస్త్రానికి ఇది పాత తలనొప్పి. ఆ తలనొప్పిని వదిలించుకోవడానికే దాని పద్ధతులు పదును తేలాయి.

రాజహంస ఆ పద్ధతులన్నిటికీ పరీక్ష పెట్టింది. ఎముకలు చూస్తే కొంగలా ఉంది. వేళ్ల మధ్య చర్మమేమో బాతుది. ఈకల్లోని పేలు కూడా బాతుల పేలకు దగ్గరివే. 1867లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ దాన్ని రెంటికీ మధ్య ప్రత్యేకంగా నిలబెట్టాడు. 1980లో ఓల్సన్, ఫెడూషియా అనే శాస్త్రవేత్తలు కాదన్నారు. తీరాల్లో తిరిగే ఉల్లంకి లాంటి పక్షులకు దగ్గరన్నారు. 2001లో డీఎన్ఏ పోల్చి చూస్తే ఎవరూ ఊహించని చుట్టం బయటపడింది: మన చెరువుల్లో బుడుంగుమని మునిగే మునుగుడుకోడి. దానివి పొట్టి కాళ్లు, బొద్దు ఒళ్లు. నడక కన్నా మునకే దానికి తెలుసు. ఆ తర్వాత వెతికితే ఆనవాళ్లు దొరికాయి. రెండింటి గుడ్ల మీదా సుద్దలాంటి పొర ఉంటుంది. బాతుల పేల సంగతంటారా, పేలు ఒక జాతి మీంచి మరో జాతి మీదికి మారగలవు.

పులికాట్ దగ్గర్లోని నేలపట్టులో గూడుకట్టే గూడబాతు కథా ఇలాంటిదే. దాని నాలుగు వేళ్లనూ చర్మం కలుపుతుంది, నీటికాకికీ అంతే. అందుకని రెండింటినీ చాలాకాలం ఒకే క్రమంలో ఉంచారు. గూడబాతుకు నీటికాకి కన్నా తెల్లకొంగలే దగ్గరని డీఎన్ఏ తేల్చింది.

అయితే పాత గుంపులు పనికిరానివని నేననను. ఆ పొడుగు కాళ్లు వంశం గురించి అబద్ధం చెప్పినా, నీటి లోతు గురించి నిజమే చెప్పాయి. లోతులేని బురదనీటిలో మేత వెతుక్కునే పక్షులకు, ఎవరి కడుపున పుట్టినా, అలాంటి కాళ్లే అక్కరకొస్తాయి. 1971 నాటి రామ్‌సర్ ఒప్పందం నీటిపక్షులంటే చిత్తడి నేలల మీద ఆధారపడి బతికే పక్షులని నిర్వచించింది. పూర్వీకుల ఊసే ఎత్తలేదు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనదీ అదే పద్ధతి: రాజహంస, మునుగుడుకోడి, కొంగ, గూడబాతు అన్నీ ఒకే పట్టికలోకి ఎక్కుతాయి.