వంకరను కొలిచే చుక్కలు

ఊడిన రెటీనాను ఆపరేషన్‌తో అతికించాక కొన్ని నెలలకు రోగి అక్షరాల పట్టికను కింది వరసల దాకా చదివేస్తాడు. ఆ వెంటనే "ద్వారబంధం మధ్యలో వంగినట్టు కనబడుతోందండీ" అంటాడు. రెండూ నిజమే. పట్టిక చూపు పదునును కొలిచింది, అతను చెబుతున్నది చూపు నాణ్యత గురించి.

పట్టికను చిన్నచూపు చూడనక్కర్లేదు. 1862లో స్నెల్లెన్ తయారుచేసిన దాంట్లో పైన ఒకే పెద్ద అక్షరం ఉండి, కిందికి దిగేకొద్దీ వాటి సంఖ్య పెరిగేది. 1976లో బెయిలీ, లోవీ ప్రతి వరసలో ఐదేసి అక్షరాలే ఉంచారు. వాటి మధ్య ఖాళీని కూడా అక్షరం కొలతకు తగ్గట్టు అమర్చారు. దాంతో వరస నుంచి వరసకు మారేది పరిమాణం ఒక్కటే. మూడు వరసలు దిగితే అక్షరం సగమవుతుంది. కానీ ఎంత ఒద్దికైన పట్టికైనా వంకరను పట్టుకోలేదు, ఎందుకంటే కాస్త వంగిన అక్షరాన్నీ మనం గుర్తుపట్టేస్తాం.

వంకరకు ఒక కారణం రెటీనా జరగడం. గోడకు తిరిగి అంటించిన పోస్టరు వెంట్రుకవాసి పక్కకు పోయినట్టు, అతుక్కున్న రెటీనా పాత చోటు నుంచి కొంచెం తప్పుతుంది. మెదడు మాత్రం ప్రతి కణానికీ పాత చిరునామానే నమ్ముతుంది. ప్రత్యేకమైన వెలుతురుతో ఫొటో తీస్తే రక్తనాళాల పక్కనే సన్నటి మెరుపు గీతలు కనిపిస్తాయి. ఆ నాళాలు ఇదివరకు ఉన్న చోట్లు అవే.

స్విస్ వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ గళ్ళ చతురస్రం వంకర ఉందో లేదో, ఎక్కడుందో చెబుతుంది, ఎంతో చెప్పదు. ఆ 'ఎంత'కు జపాన్‌లో మత్సుమోతో, ఆయన సహచరులు కనిపెట్టిన ఎమ్-చార్ట్స్ జవాబు. కాగితం మీద మొదట ఒక నిండు గీత. దాని మధ్యన చూపు నిలపడానికి ఒక గుర్తు. ఒక కన్ను మూసి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడాలి. గీత తిన్నగా ఉంటే స్కోరు సున్నా. వంకరగా ఉంటే తర్వాతి పేజీ: అదే గీత ఇప్పుడు చుక్కలుగా తెగి ఉంటుంది. చుక్కల మధ్య దూరం 0.2 డిగ్రీలతో మొదలై, 0.1 చొప్పున పెరుగుతూ 2 డిగ్రీల దాకా వెళ్తుంది. చుక్కలు ఎడమయ్యేకొద్దీ వంపు మాయమవుతూ వస్తుంది. వంకర ఎంత ఎక్కువైతే, దాన్ని దాచడానికి అంత పెద్ద ఎడం కావాలి. వరస తిన్నగా కనిపించిన మొదటి ఎడమే స్కోరు. తర్వాత గీతను అడ్డంగా తిప్పి మళ్ళీ చూపిస్తారు.

ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా నచ్చింది రోగిని అడిగే ప్రశ్న. అతను బొమ్మ గీయనక్కర్లేదు, వర్ణించనక్కర్లేదు. "తిన్నగా ఉందా, వంకరగా ఉందా?" అంటే చాలు, మిగతా లెక్కంతా కాగితమే మోస్తుంది.

టొరంటోలో 176 మంది రోగులతో జరిపి, 2019లో ఫలితాలు వెలువరించిన పివోట్ అధ్యయనం ఈ చుక్కలనే వాడింది. ఒక వర్గానికి కంట్లోకి గ్యాస్ బుడగ ఎక్కించి రెటీనాను అతికించారు, రెండో వర్గానికి లోపలి జిగురు ద్రవం తీసేసే విట్రెక్టమీ చేశారు. మొదటి ప్రయత్నంలోనే రెటీనా అతుక్కోవడంలో విట్రెక్టమీది పైచేయి: 93 శాతం, బుడగకు 81. ఏడాది తర్వాత అక్షరాల పట్టిక మీద బుడగ వర్గం సగటున ఐదు అక్షరాలు ఎక్కువ చదివింది. నిలువు గీత వంకర కూడా వాళ్ళకే తక్కువ. ఒక్క ఆపరేషన్‌తో పని ముగియడమా, ద్వారబంధం తిన్నగా కనబడటమా అన్నది ఇప్పుడు రోగీ డాక్టరూ అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకోగలిగే విషయం.