శిష్యురాలు అనే మాట

కొత్త నిబంధన గ్రీకు మూలంలో శిష్యుడు అనే మాటకి స్త్రీలింగ రూపం ఒకే ఒక్కచోట కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో, యొప్పే పట్టణపు తబితా గురించి చెప్పేచోట. తెలుగు బైబిలు ఆమెని శిష్యురాలు అనే అంటుంది. ఆమె చనిపోతే విధవరాళ్ళంతా ఏడుస్తూ, ఆమె తమకి కుట్టిపెట్టిన బట్టలు పేతురుకి చూపిస్తారు. ఆమె ఏం కుట్టిందో మనకి తెలుసు. ఏం బోధించిందో ఎవరూ రాయలేదు.

చర్చిల్లో ఇప్పుడు "శిష్యత్వ శిక్షణ", "నాయకత్వ శిక్షణ" అనే మాటలు బాగా వినిపిస్తున్నాయి. తెలుగు నేలమీద క్రైస్తవ స్త్రీలకి ఈ శిక్షణ దాదాపు నూటయాభై ఏళ్ళుగా ఇస్తూనే ఉన్నారు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, దేనికోసం ఇచ్చారు అన్న ప్రశ్నలతో కొన్ని పుస్తకాలు చదివాను. మన స్త్రీవాద విమర్శ ఈ పుస్తకాల జోలికి పెద్దగా పోలేదు. క్రైస్తవం అనగానే "మత విషయం" అని పక్కన పెట్టేస్తాం. కానీ దళిత స్త్రీల అక్షరాస్యత చరిత్రలో పెద్ద భాగం అక్కడే ఉంది.

మొదటిది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన "వైల్ సూయింగ్ శాండల్స్" (1899). ఒంగోలు ప్రాంతపు మాదిగల గురించిన పుస్తకం. ఈమె ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ భార్య. అంతకన్నా మనకి ఆసక్తి కలిగించే విషయం, ఈమె మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్న మనిషి. ఆ సిద్ధాంత గ్రంథం 1898లో అచ్చయింది. అంటే స్త్రీ హక్కుల మీద పుస్తకం వేసిన మర్నాటి ఏడాదే మాదిగవాడ మీద పుస్తకం వేసింది. ఆ చూపు ఈ పుస్తకంలో అక్కడక్కడా తళుక్కుమంటుంది. అందుకే మాతంగి గురించీ బండికట్ల వీరమ్మ గురించీ మనకి ఇంత వివరంగా తెలుస్తోంది.

మాతంగి మాదిగ స్త్రీ. అమ్మవారు పూనినప్పుడు ఊళ్ళోకి వచ్చి, పెద్ద కులాల వాళ్ళ మీద ఉమ్మి, వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టే హక్కున్న మనిషి. వీరమ్మ వేరు. ఆమె రాజయోగం బోధించిన గురువు. ఆ బోధ అందుకున్నవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. 1866లో బాప్తిస్మం తీసుకుని మాదిగల్లో క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడైన పేరయ్య ఇతనే. ఒక్కసారి ఆగి ఆలోచించాలి మనం. తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే మనిషి అంతకుముందు ఒక స్త్రీ చెప్పిన బోధ విన్నవాడు. స్త్రీని గురువుగా కూర్చోబెట్టడం ఆ వాడల్లో వింత కాదు.

దీన్ని స్వర్ణయుగంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. మాతంగి పెళ్ళి చేసుకోకూడదు. ఆమె నోటికున్న స్వేచ్ఛ ఆమె ఒంటికి లేదు. పూనకం దిగాక ఆమె మళ్ళీ అంటరాని మనిషే. కాబట్టి, చదువూ చేతిలో పుస్తకమూ ఇచ్చిన మిషన్ ఆ స్త్రీల జీవితంలో తెచ్చిన మార్పుని తక్కువ చేయలేం. అయితే దానికి తీసుకున్న ధర కూడా లెక్క రాయాలి.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు వెళ్ళిన వెంటనే. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలోకి దిగి, మారుతూ మారుతూ ఇచ్చారట. నీళ్ళలో మునిగినవాళ్ళలో స్త్రీలున్నారు. ముంచినవాళ్ళు ఆరుగురూ పురుషులే. పేరయ్యతో పాటు ఊళ్ళు తిరిగిన అతని భార్య నాగమ్మకి పుస్తకంలో చోటుంది, నదిలో లేదు. ఆ తర్వాత శిక్షణ పొందిన స్త్రీలకి వచ్చిన పేరు "బైబిలు స్త్రీ". చదవడం నేర్చుకుని, వాక్యాలూ కీర్తనలూ కంఠస్థం చేసి, మైళ్ళకొద్దీ నడిచి వెళ్ళి ఇళ్ళలో ఆడవాళ్ళకి చెప్పిరావడం ఆమె పని. మిషనరీ దొరసాని అడుగుపెట్టలేని వాకిళ్ళకీ, పాస్టరు వెళ్ళకూడని వంటిళ్ళకీ ఆమె వెళ్ళింది. సంఘం పెరిగింది. బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ, రొట్టె విరిచే చెయ్యీ మాత్రం మగవాడివే. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ప్రచురించిన పుస్తకం తెలుగు బైబిలు స్త్రీల చరిత్రని కులాన్నీ జెండర్‌నీ కలిపి చదువుతుంది. ఈ విషయం మీద పనిచేసేవాళ్ళు మొదట చూడవలసింది అదే.

ఎమ్మా దగ్గరికి మళ్ళీ వస్తాను. 1910లో భర్త పోయాక, 1914లో "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" వచ్చింది. అది క్లౌ ఆత్మకథ. రాసింది ఆమె, "నేను" అన్నది ఆయన. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేట్ చేసిన స్త్రీ భర్త "నేను"లో కూర్చుని ఒక ఉద్యమ చరిత్ర అంతా రాసింది. దీన్ని భర్త పట్ల భక్తి అని కొట్టిపారేయడం తేలిక. వీరమ్మని గుర్తుపట్టి, గౌరవించి, కాగితం మీద పెట్టిన చెయ్యీ ఇదే. అయినా తన పేరుతో చరిత్ర చెప్పుకోవడానికి ఆ చేతికి చనువు చాలలేదనిపిస్తుంది.

రెండో పుస్తకం బి.వి. సుబ్బమ్మది. "న్యూ పాటర్న్స్ ఫర్ డిసైప్లింగ్ హిందూస్" (1970). గుంటూరు జిల్లాలో కమ్మ కుటుంబంలో పుట్టి క్రైస్తవురాలైన సుబ్బమ్మ, రాజమండ్రిలో బైబిలు స్త్రీలకి శిక్షణ ఇచ్చే షార్లెట్ స్వెన్సన్ బడికి ప్రిన్సిపాల్‌గా పనిచేసింది. శిష్యుల్ని ఎలా తయారుచేయాలన్న ప్రశ్న మీద ఒక తెలుగు స్త్రీ సిద్ధాంత గ్రంథం రాసింది, అదీ యాభై ఏళ్ళకి ముందే! మన సాహిత్య చరిత్రల్లో ఈ పేరు కనిపించదు.

ఆమె చెప్పేది క్లుప్తంగా ఇది. పై కులాల వాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, యేసుని నమ్మి కూడా బాప్తిస్మం తీసుకోలేకపోతున్నారు. ఎందుకంటే సంఘంలో చేరడమంటే మాల మాదిగల సంఘంలో చేరడం, అంటే కులం వదులుకోవడం. అందుకని వాళ్ళ ఇళ్ళల్లోనే, వాళ్ళ మధ్యనే కూడికలు పెట్టాలి. ఆశ్రమాలు పెట్టాలి. గడప దాటలేని స్త్రీ పరిస్థితి ఆమెకి లోపలినుంచి తెలుసు. ఆ పేజీలు చదువుతుంటే ఒక ఇల్లాలు తలుపు ఓరగా వేసుకుని ప్రార్థన చేసుకోవడం కళ్ళకి కడుతుంది.

అయితే అదే పుస్తకాన్ని ఆమె బళ్ళో చదివిన ఒక మాదిగ బైబిలు స్త్రీ పక్కన కూర్చుని చదివితే? ఎండలో నడిచివచ్చి, వెనక వసారాలో కూర్చుని, నీళ్ళు పైనించి దోసిట్లో పోయించుకుని ఆ ఇల్లాలికి వాక్యం చెప్పింది ఆమె. ఆ ఇల్లాలు మారాక, ఆమెతో కలిసి బల్లదగ్గరికి రానక్కర్లేదని ఈ పథకం చెబుతుంది. పై కులపు స్త్రీ ఇబ్బందికి దొరికిన పరిష్కారం దళిత స్త్రీ ఖర్చుతో జరిగింది. ముందు విశ్వాసం రానీ, కులం మెల్లిగా పోతుంది అన్నది సుబ్బమ్మ వైపు వాదన. కులం మెల్లిగా పోవడం నేనెక్కడా చూడలేదు. అయినా, ఆమె చేసిన మరో పని నన్ను ఆమె వైపు లాగుతూనే ఉంటుంది. ఇంటిని సంఘంగా మార్చితే అక్కడ నాయకత్వం సహజంగానే స్త్రీకి వస్తుంది. ఆమె చర్చి అయిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి స్త్రీలకి గురుపట్టాభిషేకం మొదలుపెట్టింది 1999లో. ఆమె పుస్తకం వచ్చిన దాదాపు ముప్ఫై ఏళ్ళకి. దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్‌గా పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కి వచ్చింది 2013లో.

ఇక మాటల సంగతి. రోమా పత్రిక పదహారో అధ్యాయంలో ఫీబేకి పౌలు వాడిన గ్రీకు మాటే, ఫిలిప్పీ పత్రిక మొదట్లో సంఘపు పెద్దలతో కలిపి చెప్పిన పురుషులకీ వాడాడు. పాత ఇంగ్లీషు బైబిలు మగవాళ్ళ దగ్గర దాన్ని డీకన్లు అనీ, ఫీబే దగ్గరికి వచ్చేసరికి సేవకురాలు అనీ రాసింది. మన తెలుగు అనువాదం వాళ్ళని పరిచారకులు అంది, ఈమెని పరిచారకురాలు అంది. ఈ విషయంలో తెలుగే నిజాయితీగా ఉంది. కాని నిఘంటువులో సమానంగా ఉన్న మాట వాడుకలో పడిపోయింది. మగవాడి పరిచర్య అంటే ప్రసంగం. ఆడదాని పరిచర్య అంటే చాపలు పరవడం, ప్రేమవిందుకి వండటం, జబ్బుపడ్డవాళ్ళని చూసిరావడం.

కొన్నేళ్ళ కిందట మా మేనత్తతో కలిసి కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో మూడు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్ళాను. మగవాళ్ళకి ప్రసంగం తయారుచేయడం, సంఘం లెక్కలు, స్థలం రిజిస్ట్రేషన్. ఆడవాళ్ళకి లోబడటం, ఆతిథ్యం, పిల్లల పెంపకం. పాస్టరమ్మలంతా మా గదిలోనే ఉన్నారు. వారంలో నాలుగు గృహకూడికలు నడిపేవాళ్ళు, ఉపవాస ప్రార్థనలో రెండుగంటలు నిలబడి వాక్యం చెప్పేవాళ్ళు! వాళ్ళకి లోబడటం నేర్పడానికి ఒక పురుషుడు వచ్చాడు. మా అత్త పక్కనున్నావిడతో మెల్లిగా అంది, "లోబడకపోతే ఇన్నేళ్ళు సంఘం ఎట్లా నిలబడింది వదినా?" అని. ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండోరోజు సాయంత్రం సాక్ష్యాలు చెప్పమన్నారు. అక్కడ మారింది గది. అప్పటిదాకా తలవంచుకుని రాసుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తాగుబోతు మొగుడి గురించి, చచ్చిపోయిన బిడ్డ గురించి, ఊరివాళ్ళు బావి దగ్గర అన్న మాట గురించి చెప్పారు. సాక్ష్యానికి ఒక చట్రం ఉంది, నిజమే. ముందు చీకటి, తర్వాత వెలుగు, చివర స్తోత్రం. స్తోత్రం దగ్గరికి రావాలి కాబట్టి కొట్టిన మొగుణ్ణి చివర్లో క్షమించి తీరాలి. కానీ నడుమ ఉన్నదంతా ఆత్మకథే. మగవాళ్ళున్న సభలో, మైకు ముందు, "నేను" అని మొదలుపెట్టి దళిత స్త్రీ తన బతుకు తాను చెప్పుకునే చోట్లు మనకి ఎన్ని ఉన్నాయి? గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో "నల్లపొద్దు" వచ్చినప్పుడు దళిత స్త్రీల రచన ఇంత ఉందా అని ఆశ్చర్యపోయినవాళ్ళం మనం. అచ్చులోకి రానిది ఇంకెంత ఉందో సాక్ష్యం విన్నవాళ్ళకి తెలుస్తుంది.

బైబిలు స్త్రీల గురించి మనకి దొరికేవి ఎక్కువగా మిషనరీ నివేదికలు. వాటిలో ఆమె వినయం ఉంటుంది, నడిచిన మైళ్ళు ఉంటాయి. ఆమె వాక్యం ఎలా చెప్పిందో ఉండదు. గుంటూరు, ఒంగోలు, రాజమండ్రి, డోర్నకల్లుల్లో ఎవరి నానమ్మ ట్రంకుపెట్టెలోనో చేత్తో రాసుకున్న కీర్తనల పుస్తకాలు, అంచుల్లో ప్రసంగానికి రాసుకున్న గుర్తులు, శిక్షణ బళ్ళో దిగిన గ్రూపు ఫొటోలు ఉండే ఉంటాయి. వెనక పేర్లు రాసి ఉంటే మరీ మంచిది. ఇది చదువుతున్నవాళ్ళలో అలాంటి ఇళ్ళవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. చెదలు పట్టకముందే వాటిని తీసి చూడండి. చదవడం రాకపోతే అమ్మమ్మని పాడమని, రికార్డు చేయండి.