1947 దగ్గర ఆగని పుస్తకం

ఏప్రిల్ 15న టీవీలో ఏ బేస్‌బాల్ ఆట పెట్టినా ఒక చిక్కు వస్తుంది. ఎవరు ఎవరో పోల్చుకోలేం. బంతి విసిరేవాడు, కొట్టేవాడు, పట్టేవాడు, చివరికి అంపైర్లతో సహా అందరిదీ ఒకటే అంకె: 42. జాకీ రాబిన్సన్ వేసుకున్న అంకె అది. 1947లో అదే తేదీన అతను బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు. నల్లవాళ్ళని మేజర్ లీగ్ జట్లలోకి రానివ్వని దాదాపు అరవై ఏళ్ళ కట్టుబాటు ఆ రోజుతో తెగింది. 1997లో ఆ అంకెని ఇక ఎవరికీ ఇవ్వకూడదని అన్ని జట్లకీ కలిపి నిర్ణయం చేశారు. ఏడాదికి ఈ ఒక్కరోజు మాత్రం అందరికీ ఇస్తారు. మన ఊళ్ళలో జయంతి రోజు విగ్రహానికి దండ వేసినట్టు.

2025 మార్చిలో అమెరికా రక్షణ శాఖ వెబ్‌సైట్లో రాబిన్సన్ సైనిక జీవితం గురించిన పేజీ కనబడకుండా పోయింది. వైవిధ్యం, సమానత్వం లాంటి మాటలు ఎక్కడున్నా ఏరిపారేసే ఊపులో అదీ పోయింది. గొడవయ్యాక మళ్ళీ పెట్టారు. కొన్ని వారాలకే, అంతకుముందు ఏడాది గెలిచిన డాడ్జర్స్ జట్టు ఆనవాయితీ ప్రకారం వైట్ హౌస్‌కి వెళ్ళి ఫోటోలు దిగి వచ్చింది. ఆ తర్వాత ఏప్రిల్ 15 వచ్చింది, మళ్ళీ అందరూ 42 వేసుకున్నారు.

పేజీ తీసేసినప్పుడు మా స్నేహితులు చాలామంది కోప్పడ్డారు. నాకూ కోపం వచ్చింది, కాదనను. కాకపోతే తీసేస్తే కనీసం తీసేసిన సంగతి తెలుస్తుంది, అడగొచ్చు, తిరిగి పెట్టించొచ్చు. పొగుడుతూ పొగుడుతూ మనిషిలో సగాన్ని కోసేస్తే ఎవరికీ తెలియదు. రాబిన్సన్‌కి జరుగుతున్నది ఇదేనని నాకు ఆయన ఆత్మకథ చదివాకే తెలిసింది. ‘ఐ నెవర్ హాడ్ ఇట్ మేడ్’ దాని పేరు. ఆల్ఫ్రెడ్ డకెట్ అనే పాత్రికేయుడి సాయంతో రాసింది, 1972లో వచ్చింది. అదే ఏడు అక్టోబరు 24న రాబిన్సన్ చనిపోయాడు, యాభై మూడేళ్ళకి.

పుస్తకం నా చేతికి అనుకోకుండా వచ్చింది. మా అమ్మాయి అయిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో ఒక ప్రసిద్ధ వ్యక్తి గురించి అట్ట మీద బొమ్మలు అంటించి చెప్పాలన్నారు. దానికి రాబిన్సన్ వచ్చాడు. ఇద్దరం కూర్చుని జిగురూ కత్తెరా పట్టుకుని చేశాం. పుట్టడం, చదువు, సైన్యం, 1947, ఆ పైన ఒక కప్పు బొమ్మ. ఇంకా బోలెడు అట్ట మిగిలిపోయింది. "తర్వాత ఏం చేశాడు నాన్నా?" అంది. పాతికేళ్ళు బతికాడు కదా, ఏదో చేసే ఉంటాడన్నాను. మిగిలిన చోట బ్యాటూ బంతీ బొమ్మలు అంటించాం. ఏళ్ళు గడిచాక లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు డాలరుకొకటి అమ్ముతుంటే ఇది కనబడింది.

చదివితే, పుస్తకం సగం దాటకుండానే బేస్‌బాల్ అయిపోయింది! మేం బొమ్మలంటించి కప్పేసిన ఖాళీ అంతా మిగతా సగంలో ఉంది.

సినిమాలూ టీవీ వాళ్ళూ కూడా చాలావరకు మేం చేసిన పనే చేశారు. 2013లో వచ్చిన ‘42’ సినిమా రాబిన్సన్ మొదటి సీజన్‌తో సరిపెట్టుకుంటుంది. చాడ్విక్ బోస్‌మన్ బాగా చేశాడు. కానీ కథ నడిపే బరువంతా డాడ్జర్స్ అధికారి బ్రాంచ్ రికీ మీద, అంటే హారిసన్ ఫోర్డ్ మీద పడింది. తెల్లాయన తలుపు తీశాడు, నల్లాయన ఓర్చుకుని లోపలికి వచ్చాడు, అంతా చల్లబడింది. కథ అంతే. రికీ పెట్టిన షరతు అందరికీ తెలిసిందే: ఎవరేమన్నా, ఏం చేసినా తిరిగి అనకూడదు. ఈ ఓర్పంటే తెరకి మహా ఇష్టం. ఫిలడెల్ఫియా మేనేజర్ బెన్ చాప్‌మన్ బూతులు తిడుతుంటే రాబిన్సన్ పళ్ళు బిగబట్టి నిలబడే ఘట్టం సినిమాలో ఉంది. పుస్తకంలోనూ ఉంది, కానీ అక్కడ మనకి వినబడేది రాబిన్సన్ లోపలి మాట. రికీ గొప్ప ప్రయోగం మట్టిగొట్టుకుపోనీ, వెళ్ళి వాళ్ళలో ఒకడి పళ్ళు రాలగొట్టి ఇంటికి పోదామనుకుంటాడు. తర్వాత చాప్‌మన్‌తో కలిసి ఫోటో దిగమంటే దిగాడు. తను చేసిన కష్టమైన పనుల్లో అదొకటని పాతికేళ్ళ తర్వాత కూడా రాసుకున్నాడు. రాజీ ఫోటో చూసి మనం ముచ్చటపడుతున్నప్పుడు అందులో నవ్వుతున్నవాడి కడుపులో ఏముందో ఈ పుస్తకం చెబుతుంది.

కెన్ బర్న్స్ సంగతి వేరే చెప్పాలి. 1994లో ఆయన తీసిన ‘బేస్‌బాల్’ డాక్యుమెంటరీ చూసే నాకు ఆ ఆట మీద ఇష్టం కలిగింది. ఆటగాళ్ళ సమ్మె వల్ల ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. అలా రద్దు చేసిన కొద్దిరోజులకే ఈ సీరీస్ టీవీలో మొదలైంది. ఆట లేని ఊళ్ళో ఆట కథ. అందులో తెల్ల ఆటగాడు పీవీ రీస్ గురించి ఒక ముచ్చట వస్తుంది. సిన్సినాటిలో జనం గోల చేస్తుంటే రీస్ వెళ్ళి రాబిన్సన్ భుజం మీద చెయ్యి వేశాడని. బ్రూక్లిన్‌లో దానికి విగ్రహం కూడా పెట్టారు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 2016లో, ఇదే బర్న్స్ రాబిన్సన్ మీద మరో నాలుగు గంటల డాక్యుమెంటరీ తీసి, ఆ చెయ్యి వెయ్యడం 1947లో జరిగిందనడానికి ఆధారం లేదని తేల్చాడు. తను చెప్పిన కథని తనే వెనక్కి తీసుకునే దర్శకులు ఎంతమంది ఉంటారు? ఆత్మకథలో ఆ చెయ్యి ఉంది కానీ ఊరు బోస్టన్. పైగా అక్కడ ఎగతాళి జరుగుతున్నది రీస్‌ని, నల్లవాడితో కలిసి ఆడుతున్నందుకు. ఇది చిన్న తేడా కాదు. ఒక కథలో తెల్లవాడు నల్లవాణ్ణి కాపాడతాడు. ఇంకో కథలో తనమీద పడుతున్న రాళ్ళకి జవాబుగా పక్కనున్నవాడి దగ్గరికి నడుస్తాడు.

2016 డాక్యుమెంటరీ ఆట తర్వాతి జీవితాన్ని కూడా చూపించింది. నేను పైన పెట్టిన ఫిర్యాదు దానికి వర్తించదు. అయితే అందులో రాబిన్సన్ భార్య రేచెల్ మాట్లాడుతుంది, ఒబామా దంపతులు మాట్లాడతారు. చూసేవాడికి ఒక వెచ్చదనం దొరుకుతుంది, చివరికి అంతా మంచే జరిగిందన్న ధైర్యం. పుస్తకం ఆ ధైర్యం ఇవ్వదు.

నన్ను బాగా నిలేసింది పాల్ రోబ్‌సన్ అధ్యాయం. రోబ్‌సన్ గొప్ప గాయకుడు, నటుడు, కమ్యూనిస్టుల పక్షం. సోవియట్ యూనియన్‌తో యుద్ధం వస్తే అమెరికా నల్లవాళ్ళు పోరాడరని పారిస్‌లో అన్నాడని పత్రికలు రాశాయి. 1949 జులైలో కాంగ్రెస్ కమిటీ రాబిన్సన్‌ని పిలిచి దానికి జవాబు చెప్పమంది. వెళ్ళాడు, చెప్పాడు. అదే వాంగ్మూలంలో దేశంలోని జాతివివక్షని కూడా ఏకేశాడు కానీ పత్రికలకి పనికొచ్చింది రోబ్‌సన్‌ని కాదన్న ముక్క మాత్రమే. 1950లో ‘ద జాకీ రాబిన్సన్ స్టోరీ’ అని సినిమా తీశారు, రాబిన్సన్ తన పాత్ర తనే వేశాడు. సినిమా ముగిసేది ఎక్కడనుకుంటున్నారు? వాషింగ్టన్‌లో ఆ ప్రసంగం దగ్గర, జయజయధ్వానాలతో. ఇరవై రెండేళ్ళ తర్వాత పుస్తకంలో అదే మనిషి, ఇప్పుడు పిలిస్తే వెళ్ళనని, రోబ్‌సన్ మీద గౌరవం పెరిగిందని రాశాడు. మరో సంగతి: 1943లో బేస్‌బాల్ యజమానుల ఎదుట నిలబడి నల్ల ఆటగాళ్ళని తీసుకోమని అడిగినవాళ్ళలో రోబ్‌సన్ ఉన్నాడు. తలుపు కొట్టినవాడికి వ్యతిరేకంగా, ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవాడి చేత సాక్ష్యం చెప్పించారన్నమాట.

ఇది చదువుతుంటే పల్వంకర్ బాలూ గుర్తొచ్చాడు. రామచంద్ర గుహ ‘ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్’ చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. పూనాలో జట్టుకి వికెట్లు తీసిపెడుతూ, టీ మాత్రం బయట మట్టి ముంతలో తాగాల్సి వచ్చిన దళిత బౌలర్. ఆయన్నీ 1937 ఎన్నికల్లో అంబేద్కర్ మీద కాంగ్రెస్ నిలబెట్టింది. ఓడిపోయాడు. మైదానంలో గెలిచినవాణ్ణి తీసుకొచ్చి సొంతవాళ్ళ గొంతుకి అడ్డం పెట్టే పద్ధతి ఏ ఒక్క దేశానిదీ కాదు. బాలూ తన వైపు మాటలు పుస్తకంగా రాసుంటే ఎలా ఉండేదో అనిపించింది.

రాజకీయాల్లో రాబిన్సన్ తప్పులు ఇంకా ఉన్నాయి. 1960లో నిక్సన్‌కి ప్రచారం చేశాడు. అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్‌ని జార్జియాలో జైల్లో పెడితే, ఒక్క మాట మాట్లాడమని నిక్సన్‌ని బతిమాలాడు. నిక్సన్ కదల్లేదు. కెనెడీ కింగ్ భార్యకి ఫోన్ చేశాడు. అయినా రాబిన్సన్ నిక్సన్‌ని వదల్లేదు. రెండు పార్టీల్లోనూ నల్లవాళ్ళుండాలి, లేకపోతే ఒక పార్టీ పట్టించుకోదు, ఇంకోటి ఎలాగూ మనవాళ్ళే అనుకుంటుంది అన్నది ఆయన లెక్క. లెక్క తప్పు కాదు. కాని 1964లో శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డ్‌వాటర్‌ని నిలబెట్టిన రిపబ్లికన్ సభకి వెళ్ళి, హిట్లర్ జర్మనీలో యూదుడికి ఎలా ఉండేదో తెలిసిందనుకుంటూ బయటికొచ్చాడు. ఇవాళ్టి అమెరికా రాజకీయాల్లో ఎటు నిలబడ్డవాళ్ళకైనా ఈ రాబిన్సన్‌తో ఇబ్బందే. ఎవరి ఖాతాలోనూ పూర్తిగా పడడు. 42 అంకెతో ఆ ఇబ్బంది లేదు, ఎవరికైనా సరిపోతుంది.

పుస్తకం గొప్పగా రాశారని అనను. డకెట్ వాక్యాలు పత్రికా ప్రకటనల్లా సాగుతాయి. హార్లెమ్‌లో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంక్ పెట్టడం, దాంట్లో పేచీలు, కాఫీ కంపెనీ ఉద్యోగం, గవర్నర్ రాక్‌ఫెల్లర్‌తో సాన్నిహిత్యం: ఇవన్నీ పేజీలకి పేజీలు. ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టుండే చోట్లు చాలా ఉన్నాయి. చెప్పొద్దూ, బ్యాంకు దగ్గర నేను పేజీలు దాటేశాను. ఆటని ప్రేమించి వచ్చినవాళ్ళకి ఇంకో నిరాశ: రాబిన్సన్ పరుగు గురించి రాబిన్సన్ చెప్పింది తక్కువ. 1955 వరల్డ్ సిరీస్‌లో పిచ్చర్ బంతి విసురుతుండగానే మూడో బేస్ నుంచి దూసుకొచ్చి హోమ్ ప్లేట్ దొంగిలించిన మనిషి ఆయన. క్రికెట్‌లో దీనికి పోలిక దొరకదు. ఆ సంబరం కావాలంటే వీడియోలే చూసుకోవాలి.

కాని పెద్దకొడుకు గురించి రాసిన భాగంలో వాక్యాల మీద నాకే ఫిర్యాదూ లేదు. జాకీ జూనియర్ వియత్నాం వెళ్ళాడు, గాయపడ్డాడు, మత్తుమందుల అలవాటుతో తిరిగొచ్చాడు. 1968లో అరెస్టయ్యాడు. ఊరూరా తిరిగి యువతకి ఉపన్యాసాలిస్తున్న తండ్రికి ఇంట్లో కొడుకు ఏమవుతున్నాడో తెలియలేదు. ఆ సంగతి ఎక్కడా దాచుకోలేదు రాబిన్సన్. తన పేరే కొడుక్కి బరువైందని, ఇద్దరి మధ్యా మాటల్లేని ఏళ్ళు గడిచాయని రాశాడు. అబ్బాయి డేటాప్ అనే చికిత్సా కేంద్రంలో చేరి బాగుపడ్డాడు, అక్కడే ఇతరులకి సాయం చేసే పనిలో కుదిరాడు. తండ్రీకొడుకులు దగ్గరయ్యారు. 1971 జూన్‌లో కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. ఏ సినిమా పట్టనిది ఇదే. 1945లో మూడేళ్ళపాటు నోరు మూసుకుంటానని మాటిచ్చిన మనిషి, ఇంట్లో మాట్లాడాల్సిన చోట కూడా మాట్లాడలేకపోయాడన్నది రాబిన్సన్ ఎక్కడా అనలేదు. నాకే అనిపించింది, తప్పయినా కావచ్చు.

ముందుమాటలో తన మొదటి వరల్డ్ సిరీస్ గుర్తు చేసుకుంటాడు. జెండా ఎగురుతోంది, జాతీయగీతం వినబడుతోంది, నిలబడ్డాడు. పాతికేళ్ళ తర్వాత అది రాస్తూ, ఇప్పుడు లేచి నిలబడి ఆ గీతం పాడలేనంటాడు, జెండాకి వందనం చెయ్యలేనంటాడు. 2016లో కాలిన్ కేపర్నిక్ గీతం వస్తున్నప్పుడు మోకాలి మీద కూర్చుంటే ఫుట్‌బాల్ లీగ్‌లో అతని ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. బేస్‌బాల్‌లో మాత్రం ఏటా ఏప్రిల్ 15న ఆటకి ముందు గీతం పాడుతుంటే అందరూ టోపీ తీసి నిలబడతారు, వీపు మీద ఆ పాడలేనన్నవాడి అంకెతో.

1972 అక్టోబరు 15న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ ఆటకి రాబిన్సన్‌ని సన్మానానికి పిలిచారు. మధుమేహంతో చూపు దాదాపు పోయింది, జుట్టు తెల్లబడింది. మైకు ఇచ్చారు. థాంక్స్ చెప్పాడు. చెప్పి, ఏదో ఒక రోజు మూడో బేస్ పక్కన మేనేజర్‌గా ఒక నల్ల ముఖం కనబడితే ఇంకా సంతోషిస్తానన్నాడు. తొమ్మిది రోజులకి పోయాడు. క్లీవ్‌లాండ్ జట్టు 1974లో ఫ్రాంక్ రాబిన్సన్‌ని మేనేజర్ని చేసింది.

మా అమ్మాయి మొన్న సెలవలకి వచ్చి ఆ డాలరు పుస్తకం తన గదికి పట్టుకెళ్ళింది. ఆ అట్ట మా గరాజ్‌లో ఉందింకా.