ఖాళీ కంప్యూటర్లలో వాన లెక్క

2015 కార్తీక మాసపు వానలు గూడూరు వాళ్ళకు ఇంకా గుర్తే. నవంబరులో నెల్లూరు జిల్లా మునిగింది. ఇక్కడ తేరుకోకముందే డిసెంబరు 1న వాన చెన్నై మీద పడింది. తాంబరంలో ఒక్క రోజులో దాదాపు 49 సెంటీమీటర్లు కురిసింది. మద్రాసు వైపు రైళ్ళు ఆగిపోయాయి. పెద్ద వాన పడితే పంబలేరు హైవే మీదికి ఎక్కడం మనకు కొత్త కాదు గానీ, ఆ ఏడు పడ్డది మామూలు వాన కాదని అందరికీ అర్థమైంది. భూమి వేడెక్కడం వల్లే ఇదంతా అని కొందరు, ఎప్పుడో ఒకసారి ఇలాంటివి మామూలేనని కొందరు వాదించుకున్నారు.

ఏడాది తిరిగాక, 2016 చివర్లో, అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీ బులెటిన్ ప్రత్యేక సంచికలో దీని మీద ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. రాసినవాళ్ళు నెదర్లాండ్స్ వాతావరణ సంస్థకు చెందిన గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బోర్గ్, ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్రెడరికే ఓటో, కార్స్టెన్ హౌస్టైన్, ఢిల్లీ ఐఐటీలోని కృష్ణ అచ్యుతరావు. చెన్నైలో కురిసిన ఆ ఒక్కరోజు వానలో భూతాపం ప్రభావం కనబడలేదని వాళ్ళు తేల్చారు. గాలిలోని పొగ, ధూళి కణాలు ఇప్పటిదాకా ఆ వేడికి అడ్డుపడి ఉండవచ్చని కూడా అన్నారు. ఈ తీర్పు మీద వాదించగలిగినవాళ్ళు వాదించుకోవచ్చు. నన్ను కట్టిపడేసింది ఆ లెక్కల్లో కొంత భాగం ఎక్కడ జరిగిందన్న సంగతి. ప్రపంచం నలుమూలలా ఉన్న మామూలు మనుషుల ఇళ్ళలో, వాళ్ళ సొంత కంప్యూటర్లలో జరిగింది. ఆ పద్ధతి పేరు వెదర్ ఎట్ హోమ్.

ఇళ్ళదాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చూద్దాం. వందల ఏళ్ళకోసారి వచ్చే వానను అంచనా వెయ్యడానికి మన దగ్గరున్న వర్షపాతం రికార్డులు చాలవు. అందుకని ఒకే సంవత్సరాన్ని కంప్యూటర్లో వేల సార్లు నడిపిస్తారు. ప్రతిసారీ ఆరంభంలో వాతావరణాన్ని పిసరంత కదుపుతారు. ఆ పిసరే పెరిగి పెరిగి చివరికి వేరే తుఫానవుతుంది, వేరే ఊరి మీద పడుతుంది. ఇలా కొన్ని వేల లెక్కలు ఇప్పుడున్న లోకానికి వేస్తారు. ఇంకొన్ని వేలు మనిషి బొగ్గు, చమురు కాల్చని లోకానికి వేస్తారు. రెండింట్లోనూ అంత పెద్ద వాన ఎన్నిసార్లు పడిందో లెక్కపెడతారు. సూత్రం ఇంత సులువైనదే గానీ, దానికి కావలసిన కంప్యూటర్ సమయం కొనాలంటే ఏ విశ్వవిద్యాలయానికైనా తలకు మించిన ఖర్చు.

ఈ లెక్కలు వేసే వాతావరణ నమూనా దక్షిణాసియాను సుమారు 50 కిలోమీటర్ల గళ్ళుగా కోస్తుంది. ఆ లెక్కన గూడూరుకూ చెన్నైకీ మధ్య రెండు మూడు గళ్ళే ఉంటాయి. పంబలేరు, పులికాట్ సరస్సు దానికి కనబడవు. కనబడనక్కర్లేదు కూడా, బంగాళాఖాతం మీది నుంచి వచ్చే తేమ కనబడితే చాలు.

ఈ లెక్కలను ఇళ్ళకు చేర్చే సాఫ్ట్‌వేర్ పేరు బోయింక్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్ 2002లో దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన బృందమే సెటీ ఎట్ హోమ్ నడిపింది. గ్రహాంతర జీవుల సంకేతాల కోసం రేడియో టెలిస్కోపు రికార్డులను వెతికే ఆ కార్యక్రమం 1999 మేలో స్క్రీన్‌సేవర్ రూపంలో లక్షల ఇళ్ళకు చేరింది. ప్రతి పరిశోధనకూ విడిగా ఇలాంటి ప్రోగ్రాం రాసుకోవడం దండగ అనిపించి, ఎవరైనా వాడుకునే ఉమ్మడి వేదికగా బోయింక్ కట్టారు. అందులో ఒక్క రూపాయి ఇవ్వకుండా మన కంప్యూటర్ వాడుకుంటారు. అద్దె ఇవ్వకుండా ఇంట్లో ఉండేవాడు ఎంత ఒద్దికగా మసలుకోవాలో అంత ఒద్దికగా ఉండాలి ఈ సాఫ్ట్‌వేర్. దీని పనితనమంతా ఆ ఒద్దికలోనే ఉంది.

బోయింక్‌లో టాస్కుల పేజీ తెరిస్తే ఒక్కో పనికి ఒక్కో వరుస కనబడుతుంది. ఏ ప్రాజెక్టు, ఎంత శాతం అయింది, ఎంతసేపు నడిచింది, ఇంకెంత పడుతుంది, గడువు ఎప్పుడు, అన్నీ అందులోనే. పక్కన వీడియో ఎడిటింగో పెద్ద ఎక్సెల్ ఫైలో మొదలుపెట్టండి. మిగతా ప్రోగ్రాములు ప్రాసెసర్‌లో పాతిక శాతం దాటి వాడుకుంటున్నాయని తెలియగానే ‘రన్నింగ్’ అన్న మాట ‘సస్పెండెడ్’గా మారుతుంది. మన పని అయిపోతే దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే పని ముట్టుకోదు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ రూపానికి ఇంకా పట్టింపులెక్కువ. ఫోను ఛార్జింగులో ఉండాలి, బ్యాటరీ 90 శాతానికి చేరాలి. అప్పుడే పనిలోకి దిగుతుంది. ఫైళ్ళు తెచ్చుకోవడం, పంపడం వైఫై మీదే. ఇవన్నీ మనం అడగకముందే పెట్టిన నిబంధనలు. కావాలంటే మార్చుకోవచ్చు.

కంటికి కనబడని చోట కూడా అంతే జాగ్రత్త. సర్వరు ఎప్పుడూ మన కంప్యూటర్‌ను పిలవదు. మన కంప్యూటరే సర్వరు దగ్గరికి వెళ్ళి పని అడిగి తెచ్చుకుంటుంది. సర్వరు పాడైందనుకోండి, లక్షల కంప్యూటర్లు ఒక్కసారిగా మళ్ళీ మళ్ళీ తలుపు తడితే అది లేవనే లేవదు. అందుకని ప్రతి కంప్యూటరూ జవాబు రాకపోతే కాసేపు ఆగుతుంది. మళ్ళీ రాకపోతే అంతకు రెట్టింపు ఆగుతుంది. ఆ ఆగే సమయంలో కొంత యాదృచ్ఛికంగా మారుతుంది కూడా, లేకపోతే అందరూ ఒకే క్షణాన తిరిగొస్తారు. ఇంకో సంగతి. ప్రాజెక్టు వాళ్ళు పంపే ప్రతి ప్రోగ్రాంకూ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం చేసే తాళంచెవిని ఇంటర్నెట్‌కు తగిలించని కంప్యూటర్లో ఉంచుకోమని బోయింక్ ప్రాజెక్టులకు చెబుతుంది. సర్వరు దొంగల చేతికి చిక్కినా మన ఇంట్లోకి వాళ్ళ ప్రోగ్రాం రాలేదు. 

వాతావరణ లెక్కలు ఈ వేదికను గట్టిగానే పరీక్షించాయి. సెటీ పనులు కొన్ని గంటల్లో అయిపోయేవి. వాతావరణ శాస్త్రవేత్త మైల్స్ ఆలెన్ ఆలోచనతో ఆక్స్‌ఫర్డ్ నుంచి 2003లో మొదలైన, వెదర్ ఎట్ హోమ్‌కు మూలమైన క్లైమేట్ ప్రెడిక్షన్ డాట్ నెట్ పని అలాంటిది కాదు. బ్రిటన్ వాతావరణ శాఖ సూపర్ కంప్యూటర్ల కోసం ఫోర్ట్రాన్‌లో రాసుకున్న నమూనాను ఇంటి కంప్యూటర్లోకి దించారు. తొలి ప్రయోగంలో ఒక్కో పని అంటే 45 ఏళ్ళ వాతావరణం. దాన్ని అరగంట అరగంటగా లెక్క కడుతూ పోవాలి. అప్పటి కంప్యూటర్లకు అది నెలల పని. అన్ని నెలల్లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. అందుకు రెండు ఉపాయాలు చేశారు. ఒకటి చెక్‌పాయింట్. కొన్ని రోజుల వాతావరణం పూర్తికాగానే అప్పటి స్థితినంతా డిస్కులో రాసుకుంటుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచి అందుకుంటుంది. రెండోది ట్రికిల్. పని పూర్తయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్య ‘ఇక్కడిదాకా వచ్చాను’ అని సర్వరుకు చిన్న కబురు పంపుతుంది. పని సగంలో చచ్చినా అప్పటిదాకా చేసినదానికి, బోయింక్ గుర్తింపుగా ఇచ్చే పాయింట్లు దక్కుతాయి.

ఆ నమూనా లోపలికి తొంగిచూస్తే ఒక వింత కనబడుతుంది. దాని క్యాలెండర్లో ప్రతి నెలకూ 30 రోజులే, ఏడాదికి 360. ఫిబ్రవరి 30వ తేదీన కూడా దాని లోకంలో వాన పడుతుంది. నెలకు ముప్ఫై తిథులు లెక్కపెట్టే మన పంచాంగకర్తలకు నచ్చే లెక్కే.

ఇక మార్పుల సంగతి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు కూడా లక్షల ఇళ్ళలో పడుతుంది. జీతం తీసుకునే ఉద్యోగులైతే సణుక్కుంటూ సర్దుకుంటారు, ఉచితంగా ఇచ్చేవాడు స్విచ్ ఆపి వెళ్ళిపోతాడు. 2005 డిసెంబరులో పాత సెటీని మూసి అందరినీ బోయింక్‌కు మార్చినప్పుడు అప్పటిదాకా చేసిన పనుల సంఖ్య పాత పద్దులోనే ఆగిపోయింది. కొత్త పద్దు సున్నా నుంచి మొదలైంది. మార్పుకు కారణం బలమైనదే. పాత పద్ధతి పనులనే లెక్కపెట్టేది, అందులో మోసాలు జరిగాయి. కొత్త పద్ధతి ఒకే పనిని ఇద్దరు ముగ్గురికి ఇచ్చి జవాబులు సరిచూసేది. పాయింట్లు కూడా ప్రాసెసర్ చేసిన పనిని బట్టే. సెకనుకు వంద కోట్ల లెక్కలు చేసే కంప్యూటర్ రోజంతా పనిచేస్తే 200. అయినా ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న అంకె కదలకుండా పోతే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

బోయింక్ ఆరో వెర్షన్‌లో భద్రత కోసం లెక్కలను విండోస్‌లో వేరే ఖాతా కింద దాచి నడిపే పద్ధతి తెచ్చారు. మంచి ఆలోచనే. కానీ అలా నడిపితే గ్రాఫిక్స్ కార్డు అందుబాటులోకి రాదు. అప్పుడే గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించడం మొదలైంది. రెండింట్లో ఒకటే కావాలన్నమాట. ఏడో వెర్షన్‌లో పని నిల్వ పద్ధతి మార్చారు. అంతకుముందు నిల్వను ఎప్పటికప్పుడు నింపుకునేది. మార్పు తర్వాత కనిష్ఠ మట్టానికి తగ్గేదాకా ఆగి, అప్పుడు ఒకేసారి తెచ్చుకోవడం నేర్చుకుంది. సర్వర్లకు తెరిపి. సెట్టింగుల్లో పాత అంకెలనే వదిలేసినవాళ్ళకు మాత్రం కంప్యూటర్ ఊరికే కూర్చున్నట్టు కనబడేది. ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది. బోయింక్ యంత్రాలతో చూపించే మర్యాద మనుషులతో మాట్లాడేటప్పుడు అంతగా చూపించదు. మార్పులన్నీ సబబైనవే. ఎందుకు మార్చారో, ఏం సర్దుకోవాలో తెర మీద రెండు ముక్కలు చెబితే ఏం పోయింది?

చెప్పే పద్ధతిలో చెబితే జనం ఉంటారు. 2006లో బీబీసీతో కలిసి జరిపిన వాతావరణ ప్రయోగంలో 1920 నుంచి 2080 దాకా లెక్క కట్టాలి. ఫిబ్రవరిలో మొదలైంది. ఏప్రిల్‌లో తప్పు బయటపడింది. సల్ఫేట్ ధూళి ఏటేటా ఎంత పెరిగిందో చెప్పే ఫైలు సరిగా పనిచెయ్యలేదు. సూర్యరశ్మిని ఆపే ఆ మసక లేక నమూనాలన్నీ ఉండవలసినదానికంటే త్వరగా వేడెక్కాయి. వాళ్ళు దాచలేదు. తప్పు ఇదని చెప్పి మళ్ళీ 1920 నుంచి మొదలుపెట్టమన్నారు. రెండు నెలల కరెంటు బిల్లు కట్టినవాళ్ళకు అది చేదు మాటే. కానీ ఆ మసక లేని లోకం ఎలా ఉండేదో ఆ లెక్కలు చూపించాయి. పదేళ్ళ తర్వాత చెన్నై వాన మీద వ్యాసం అనుమానించింది ఆ మసకనే.

కొన్ని మార్పులు బయటి నుంచి వస్తాయి. 2019లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో 32 బిట్ల ప్రోగ్రాములను ఆపేసింది. బ్రిటన్ వాతావరణ శాఖ నమూనా ప్రోగ్రాం 32 బిట్లదే కావడంతో కొత్త మ్యాక్‌లు ఆ పనికి దూరమయ్యాయి. లినక్స్ వాళ్ళు పాత లైబ్రరీలు వెతికి తగిలించుకోవాల్సి వచ్చింది. 2020 మార్చి 31న సెటీ కొత్త పనులు పంపడం ఆపేసింది. ఇదే వేదిక మీద ఐబీఎం నడిపిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ టొరంటోలోని క్రెంబిల్ సంస్థ చేతికి వెళ్ళి, 2022లో నెలల పాటు మూగబోయింది. బోయింక్ మాత్రం ఆ ఇళ్ళలో అలాగే ఉంది. ఒక ప్రాజెక్టు పోతే ఇంకోదానికి మారడం రెండు నిమిషాల పని. 2002లోనే వేదికను పనుల నుంచి విడదీసినవాళ్ళ దూరదృష్టి అది.

గూడూరులో ఎవరైనా పెట్టుకోదలిస్తే రెండు మాటలు. సాఫ్ట్‌వేర్ ఉచితం, కరెంటు కాదు. డెస్క్‌టాప్ 60 వాట్లు అదనంగా లాగితే రోజుకు దాదాపు యూనిట్టున్నర, నెలకు 43 యూనిట్లు. స్లాబు మారే ప్రమాదముంది, బిల్లు చూసుకుని దిగండి. ప్రాసెసర్‌లో సగానికి మించి వాడొద్దని సెట్టింగుల్లో పెట్టండి, మే నెలలో పూర్తిగా ఆపేయండి. వాతావరణ పనులు అన్నివేళలా దొరకవు, దొరికినప్పుడు కంప్యూటర్ ఆపేముందు బోయింక్‌ను పద్ధతిగా మూసేయండి. చెక్‌పాయింట్ ఉన్నా, ఉన్నపళంగా కరెంటు పోతే ఆ పాత ఫోర్ట్రాన్ నమూనాలు అప్పుడప్పుడు పాడవుతాయి. యూపీఎస్ ఉంటే ఆ బాధ లేదు.