ఒక్క వంతు, రెండు జీవితాలు

ఆర్చిబాల్డ్ ‘మూన్‌లైట్’ గ్రాహం, ఆడం గ్రీన్‌బర్గ్. ఇద్దరూ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఆడినవారే, ఇద్దరూ ఔట్‌ఫీల్డర్లే. నూరేళ్ల ఎడంతో బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టారు.

1905 జూన్ 29న న్యూయార్క్ జెయింట్స్ తరఫున గ్రాహం, బ్రూక్లిన్‌తో మ్యాచ్ చివర్లో రైట్‌ఫీల్డ్‌లోకి వచ్చాడు. ఇక బ్యాటింగ్ తనదే అనగా ముందున్నవాడు ఔటయ్యాడు. ఆ స్థాయిలో మళ్లీ ఆడలేదు. 2005 జూలై 9న షికాగో కబ్స్ తరఫున బ్యాట్ పట్టిన గ్రీన్‌బర్గ్‌కు తొలి బంతే గంటకు 92 మైళ్ల వేగంతో తలకు తగిలింది. కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం చాలాకాలం వదల్లేదు. బంతి తగిలితే బేస్ దక్కుతుంది కానీ, అధికారిక బ్యాటింగ్ లెక్కలోకి రాదు. అలా ఇద్దరికీ మిగిలింది సున్నాయే.

ఆ సున్నాను పూడ్చాలని లోకం తాపత్రయపడింది. ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ (1989) చిత్రం గ్రాహంకు కలలో ఒక వంతు ఇచ్చింది. అతను గాల్లోకి కొట్టిన బంతి క్యాచ్ అయినా, దాంతో సహచరుడు పరుగు తీస్తాడు. నేటి నియమాల ప్రకారం అదీ అధికారిక బ్యాటింగ్ లెక్కకు రాదు! గ్రీన్‌బర్గ్ కోసం అభిమానులు ఉద్యమించారు. 2012 అక్టోబర్ 2న మయామీ మార్లిన్స్ ఒక్కరోజు ఒప్పందం ఇచ్చింది. ప్రత్యర్థి పిచ్చర్, ఆ ఏటి సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచ్చర్ పురస్కారం) విజేత ఆర్.ఎ. డికీ అతన్ని మూడే బంతుల్లో ఔట్ చేశాడు. నాకు సినిమా కన్నా ఈ ఓటమే గొప్పగా తోస్తుంది. డికీ జాలిపడి బంతి వేయలేదు. గ్రీన్‌బర్గ్‌ను ఆటగాడిగా గౌరవించాడు.

అయితే రెండు కథలూ అసలు విషయాన్ని దాటవేశాయి. గ్రాహం 1908 దాకా మైనర్ లీగ్‌లలో ఆడి, ఆపై మిన్నెసోటాలోని గనుల ఊరు చిజమ్‌లో దశాబ్దాలపాటు బడిపిల్లల వైద్యుడిగా పనిచేశాడు. ఆ కాలమంతా వెలితితో గడిపాడనడానికి ఆధారమేదీ? గ్రీన్‌బర్గ్ ఏళ్లతరబడి చిన్న జట్లలో చెమటోడ్చాడు. 2011లో బ్రిడ్జ్‌పోర్ట్ తరఫున ఆడుతూ, తన తలకు బంతి తగిలించిన వలేరియో డి లాస్ శాంటోస్‌నే మళ్లీ ఎదుర్కొని సింగిల్ కొట్టాడు. మేజర్ లీగ్ రికార్డు పుస్తకంలో దానికి చోటు లేదు. నా దృష్టిలో అతని జీవితంలో అతి పెద్ద హిట్ అదే. అనామక ఆటగాడి విలువ తేల్చాలంటే ముందు చూడాల్సింది అలాంటి చిన్న మైదానాలనే.